రఫ్‌కీ ఫెయిర్‌కీ మధ్య

మన చదువుల్లో ఒక వ్యాసాన్ని రెండోసారి రాయాల్సి వచ్చేది రెండే సందర్భాల్లో. రఫ్ నోట్సులో ఉన్నదాన్ని ఫెయిర్ చేసేటప్పుడు ఒకటి, తప్పులున్నాయని టీచర్ ఇంపోజిషన్ రాయమన్నప్పుడు రెండోది. మొదటిది చేతిరాతకు సంబంధించిన పని, రెండోది శిక్ష. రాసిన విషయం గురించి మళ్ళీ ఆలోచించాల్సిన అవసరం రెండింటిలోనూ లేదు. పదో తరగతి దాకా ఇలాగే గడుస్తుంది. ఇంటర్‌లో జవాబులు గైడులోంచి నేరుగా పేపర్ మీదికి దిగుతాయి కాబట్టి అక్కడా ఇబ్బంది రాదు. డిగ్రీకొచ్చాక ఎవరో ఒక లెక్చరర్ ‘సొంతంగా రాసుకురండి’ అంటారు. అప్పుడు కూడా రాత్రికి రాత్రి కూర్చుని రాసేసి, పొద్దున్నే మార్జిన్లు కొట్టి, హెడ్డింగుల కింద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి ఇచ్చేస్తాం. తిరగరాయడం అనే పని ఒకటుందని ఎవరూ చెప్పరు.

డిగ్రీ పిల్లలకు వ్యాసం రాయడం రాదని స్టాఫ్ రూముల్లో అనుకుంటూ ఉంటారు. నేను ఒప్పుకోను. కాగితం ఇస్తే ఎవరైనా నాలుగు పేజీలు నింపగలరు, మన పరీక్షలు నేర్పిందే అది. రానిదల్లా తాను రాసినదాన్ని తాను చదువుకోవడం. రాసిన మనిషిగా కాకుండా, దాని గురించి ఏమీ తెలియని మనిషిగా చదవడం. వ్యాసరచన మీద కాలేజీలు పెట్టే కాస్త సమయమైనా ముందు దీని మీద పెట్టాలన్నది నా వాదన.

జూనియర్లు అసైన్‌మెంట్లు తెచ్చి ‘అక్కా, ఒకసారి చూడవా’ అంటే చూస్తుంటాను. టాపిక్ ఏదైనా మొదటి వాక్యం నాకు ముందే తెలిసిపోతుంది. ‘నేటి ఆధునిక యుగంలో’ అని మొదలవుతుంది, లేదా ‘మానవుడు సంఘజీవి’ అని, అదీ కాకపోతే ‘ప్రాచీన కాలం నుండి నేటి వరకు’ అని. ఆఖర్న ‘కావున మనమందరం కలిసికట్టుగా’ వచ్చి తీరుతుంది. ఇవి రాసినవాళ్ళను నేను తప్పుపట్టను. పెన్ను కాగితం మీద పెట్టగానే వచ్చే మాటలు ఇవే, వాటితోనే చెయ్యి కదులుతుంది. మొదటి కాపీలో అవి ఉంటే నష్టమేమీ లేదు. మన దగ్గర మొదటి కాపీయే చివరి కాపీ కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

మాటలు చెప్పడం కంటే ఒక పేరా చూపించడం మేలు. డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ అసైన్‌మెంట్‌కి నేను తీసుకున్న టాపిక్ ‘హైదరాబాద్ వరదలు’. 2020 అక్టోబరు వాన అందరికీ గుర్తుంది కాబట్టి తేలిగ్గా అయిపోతుందనుకున్నాను. మొదటి కాపీలో ఇలా ఉంది:

“1908వ సంవత్సరం సెప్టెంబర్ నెలలో మూసీ నదికి భయంకరమైన వరదలు రావడం జరిగింది. వేలాది మంది ప్రజలు మరణించడం జరిగింది. తదనంతరం ఉస్మాన్‌సాగర్ మరియు హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించబడ్డాయి. కానీ నేడు చెరువులు ఆక్రమించబడుతున్నాయి. దీనివలన మరల వరదలు సంభవిస్తున్నాయి.”

చూడ్డానికి బాగానే ఉంది. అక్షరదోషాలు లేవు, చెప్పిన విషయాల్లో తప్పు లేదు. మామూలుగా దిద్దితే పదికి ఏడో ఎనిమిదో పడేవి. మేడమ్ మాత్రం ఎర్ర పెన్ను ముట్టుకోలేదు. ‘కానీ’ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన ‘వరద ఆపడానికే కదమ్మా ఆ రెండూ కట్టింది? మరి మళ్ళీ ఎలా వచ్చింది?’ అని రాసి తిరిగిచ్చారు.

నిజమే, ఎలా వచ్చింది? ఆ పేరా రాస్తున్నప్పుడు నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. జలాశయాల గురించి ఒక వాక్యం చదివాను, చెరువుల గురించి ఇంకో వాక్యం చదివాను, రెండింటినీ ‘కానీ’తో కలిపేశాను. చదివేవాళ్ళకు అక్కడేదో కారణం ఉన్నట్టే కనిపిస్తుంది. రాసిన నాకు కూడా అలాగే కనిపించింది.

మ్యాపు తీస్తే సంగతి అర్థమైంది. ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, మూసీ మీద ఉంది. హిమాయత్‌సాగర్ దాని ఉపనది ఈసీ మీద ఉంది. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. రెండూ నగరానికి ఎగువన ఉన్నాయి, పైనుంచి వచ్చే నీళ్ళను ఆపుతాయి. కూకట్‌పల్లిలోనో బాలాపూర్‌లోనో పడ్డ వాన వాటి ముఖం కూడా చూడదు. ఆ నీళ్ళు చెరువు నుంచి చెరువుకి, నాలాల మీదుగా పారి, నగరం మధ్యలో ఎక్కడో మూసీలో కలవాలి. 2020లో పాతబస్తీ వైపు కాలనీలు మునిగింది పల్లె చెరువు, గుర్రం చెరువు లాంటివి పొంగడం వల్ల, గట్లు తెగడం వల్ల. అంటే నేను ఒకే పేరాలో రెండు వేర్వేరు వరదల్ని ఒకటిగా కలిపేశాను.

రెండో కాపీలో ఇది సరిచేశాను. అందులో ఒక వాక్యం నాకు తెగ నచ్చింది: “1908 వరద నదిది, 2020 వరద చెరువులది.” ఇంత పొట్టిగా, ఇంత గట్టిగా అంతకు ముందు నేనేమీ రాయలేదు. హాస్టల్లో నా రూమ్మేట్ చెవిలో ఇల్లు కట్టుకుని మరీ వినిపించాను. ‘బాగుందిలేవే, పడుకో’ అంది.

వాక్యం బాగానే ఉంది గానీ, నిజం కాదు. 1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన అధ్యయనం గురించి చదువుతుంటే అసలు విషయం బయటపడింది. ఆనాడు కూడా మూసీ ఎగువన చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి, ఆ నీళ్ళన్నీ వచ్చి నదిలో పడ్డాయి. అది ఒక్క నది వరదే అనడానికి లేదు, అందులోనూ చెరువులున్నాయి. నా వాక్యం పోవాల్సిందే. రాసినవాటిలో నచ్చినదాన్ని కొట్టేయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. రెండు రోజులు దాన్ని ఎలాగైనా నిలబెట్టాలని చూశాను. ‘ప్రధానంగా’ అని చేర్చాను, ‘ఒక విధంగా’ అని చేర్చాను. చేర్చిన కొద్దీ అందం పోయింది, అబద్ధం మాత్రం అలాగే ఉంది. చివరికి తీసేశాక పేరా ఇలా తయారైంది:

“గండిపేట, హిమాయత్‌సాగర్ నగరానికి ఎగువన ఉన్నాయి. పైనుంచి మూసీలోకి, ఈసీలోకి వచ్చే నీటిని అవి ఆపగలవు. వాటికి దిగువన, నగరంలోనే కురిసిన వానను అవి ఆపలేవు. ఆ వానను నిలుపుకోవాల్సింది చెరువులు, తీసుకుపోవాల్సింది నాలాలు. 1908లో ఎగువ చెరువులు తెగి మూసీ వరదను పెంచాయి. ఆ దెబ్బతో నదులకు ఆనకట్టలు కట్టుకున్నాం. నగరం లోపలి చెరువులను మాత్రం వాటి మానాన వదిలేశాం.”

గొప్ప రచనేం కాదు. ఆ చివరి వాక్యం మీద ఎవరైనా వాదన పెట్టుకోవచ్చు కూడా. పెట్టుకోవడానికి అక్కడ ఒక మాటంటూ ఉంది, మొదటి పేరాలో అదీ లేదు. ‘చెరువులు ఆక్రమించబడుతున్నాయి, దీనివలన వరదలు సంభవిస్తున్నాయి’ అంటే ఎవరు కాదంటారు?

అందుకే నేను తిరగరాయడాన్ని భాషకు చేసే మెరుగుగా చూడను. నేనేం అంటున్నానో నాకు తెలిసింది మొదటి కాపీ రాసినప్పుడు కాదు, దాన్ని విప్పి మళ్ళీ కట్టినప్పుడు. అక్షరదోషాలు సరిచేసుకోవడం బియ్యంలో రాళ్ళేరడం లాంటిది. ఏరాల్సిందే, అయితే ఏరినంత మాత్రాన అన్నం ఉడకదు.

ఈ తికమక మన గైడుల పుణ్యమేనని అప్పట్లో అనుకునేదాన్ని. అలా ఏం లేదు. 1980లో నాన్సీ సోమర్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు సరిగ్గా దీని మీదే ఒక అధ్యయనం అచ్చువేశారు. కాలేజీ మొదటి ఏడాది విద్యార్థులు 20 మంది, రాయడంలో చెయ్యి తిరిగిన పెద్దవాళ్ళు 20 మంది. ఒక్కొక్కరి చేత మూడేసి వ్యాసాలు రాయించి, ప్రతి వ్యాసాన్నీ రెండుసార్లు తిరగరాయించి, వాళ్ళతో మాట్లాడారు. విద్యార్థులు దాదాపుగా పదాల దగ్గరే ఆగారు. ఒక మాట రెండుసార్లు వస్తే రెండోచోట వేరే మాట పెట్టడం, బాగాలేదనిపించిన పదం కొట్టేసి ఇంకోటి రాయడం. అనుభవం ఉన్నవాళ్ళు ముందు తమ వాదనకు ఒక రూపం వచ్చిందా లేదా అని చూసుకున్నారు, చదివేవాళ్ళు ఎక్కడ అడ్డుతగులుతారో ఊహించుకున్నారు. ఇంగ్లీషులో పుట్టి ఇంగ్లీషులో రాసే పిల్లలదీ మన కథే అన్నమాట. చదివి కాస్త ఊరట కలిగిందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

అయితే పదాల దగ్గర మొదలుపెట్టడం దండగ అనుకోనక్కర్లేదు. తెలుగులో రాసేవాళ్ళకు ఒక్కోసారి దారి అక్కడే దొరుకుతుంది. నా మొదటి పేరాలో ‘రావడం జరిగింది’, ‘నిర్మించబడ్డాయి’, ‘ఆక్రమించబడుతున్నాయి’ ఉన్నాయి కదా. టీవీ వార్తలు, ప్రభుత్వ సర్క్యులర్లు విని విని మన చేతికి పట్టిన తుప్పు ఇది. ‘వరదలు రావడం జరిగింది’ని ‘వరదలు వచ్చాయి’ చేయడం సులువు, అక్కడ పోయేదేమీ లేదు. ‘ఆక్రమించబడుతున్నాయి’ దగ్గరికి వచ్చేసరికి అలా కుదరలేదు. ‘బడు’ తీసేయగానే వాక్యానికి కర్త కావాలి. ఎవరు ఆక్రమిస్తున్నారు? ప్లాట్లు చేసి అమ్మినవాళ్ళా? అప్పో సప్పో చేసి ఆ ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకున్న మామూలు జనమా? లేఅవుట్‌కి సంతకం పెట్టిన ఆఫీసరా? వ్యాసం రాసిన నాకు ఇవేవీ తెలియవు. తెలియదన్న సంగతిని ఆ క్రియాపదం అంతదాకా దాచిపెట్టింది. వ్యాకరణం సరిచేద్దామని కూర్చుంటే లైబ్రరీకి వెళ్ళాల్సి వచ్చింది. సోమర్స్ చెప్పిన రెండు రకాల దిద్దుబాట్లకు మధ్య గోడ అంత గట్టిదేం కాదని నా అనుభవం.

తిరగరాయడం తెలివితక్కువవాళ్ళు చేసే పని, సరస్వతీ కటాక్షం ఉన్నవాళ్ళు ఒక్క ఊపులో రాసేస్తారు అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. ఆశువుగా పద్యాలు చెప్పేవాళ్ళను నెత్తిన పెట్టుకున్న జాతి కదా. ఇలా అనేవాళ్ళకు నేను గురజాడను చూపిస్తాను. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, మంచి పేరే వచ్చింది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆయన దాన్ని మళ్ళీ ముందేసుకుని 1909లో రెండో కూర్పు తెచ్చారు. దాన్ని సవరణ అనడం కూడా తక్కువే, దాదాపు కొత్త నాటకం. మధురవాణి అంత మనిషిగా ఎదిగింది అక్కడే. మనం చదువుకునేది, స్టేజీ మీద చూసేది ఆ రెండో కూర్పునే. మొదటిది కూడా దొరుకుతుంది. తెలుగు క్లాసులో ఒక సీను తీసుకుని రెండు కూర్పుల్నీ పక్కపక్కన పెట్టి, ఏం పోయింది, ఏం వచ్చింది, ఎందుకు అని ఒక్క గంట మాట్లాడితే చాలు, పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఉండదు. అలాంటి క్లాసులో కూర్చునే అదృష్టం నాకు కలగలేదు. మాకు చెప్పింది పాత్రచిత్రణ మీద ఎనిమిది మార్కుల ప్రశ్న.

ఆ గురజాడే 1914లో, కాలేజీ విద్యార్థులు ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న గొడవలో, మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చారు. గ్రాంథికమా, వ్యావహారికమా అని పెద్దవాళ్ళు కొట్టుకున్నది చాలావరకు విద్యార్థుల వ్యాసాల గురించే. పిల్లలు ఏ భాషలో రాయాలన్న దాని మీద ఇంత యుద్ధం చేసిన వాళ్ళం, రాశాక దాన్ని ఏం చేసుకోవాలన్నది మాత్రం ఇంతవరకూ పట్టించుకోలేదు.

ఇక నేను చేసే పద్ధతి అడుగుతారు కాబట్టి చెప్తాను, ఇందులో రహస్యాలేం లేవు. రాసినరోజు దిద్దను. ఆ రోజు నా కళ్ళకు కాగితం మీద ఉన్నది కనపడదు, బుర్రలో ఉన్నదే కనపడుతుంది. కనీసం ఒక రాత్రి గడవాలి. ఫోన్లో టైప్ చేసింది ఫోన్లోనే చదివితే వేలు కిందికి జారిపోతూ ఉంటుంది, అందుకే జిరాక్స్ షాపుకెళ్ళి ప్రింట్ తీయించుకుంటాను. తర్వాత పైకి చదువుతాను. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. ‘చేసి, చూసి, వెళ్ళి, తెలుసుకుని’ అని పోగేసుకుంటూ పోతే ఎక్కడో ఊపిరి అందదు. ఊపిరి అందని చోట పెన్సిల్ గీత పడుతుంది. సాధారణంగా ఆ గీత పడ్డ చోట రెండు ఆలోచనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది మాత్రం మార్జిన్‌లో రాసుకోవడం. ప్రతి పేరా పక్కన ‘ఇది ఏం చెప్తోంది’ అని ఒక్క ముక్క రాస్తాను. ‘మూసీ గురించి’ అని రాస్తే కుదరదు, అది టాపిక్. ‘జలాశయాలు నగరంలో పడ్డ వానను ఆపలేవు’ అని రాయగలిగితే ఆ పేరా బతుకుతుంది. ఏమీ రాయలేకపోయిన పేరాలు ఎన్నో ఉంటాయి, అవి పేజీ నింపడానికి వచ్చినవి. రెండు పేరాల పక్కన ఒకే ముక్క వస్తే ఒకటి దండగ. కొట్టేసినవాటిని పారేయడానికి మనసొప్పదు కాబట్టి ‘తీసేసినవి’ అని ఇంకో ఫైలు పెట్టుకుని అందులో పడేస్తాను. నాకెంతో నచ్చిన ఆ వరద వాక్యం ఇప్పటికీ అందులోనే ఉంది. అందులోంచి తిరిగి తీసి వాడుకున్నది దాదాపుగా ఏమీ లేదు, కానీ ఆ ఫైలు లేకపోతే కొట్టేయడానికి చెయ్యి రాదు.

‘ఇంత కష్టం దేనికి, ఏఐకి ఇస్తే పాలిష్ చేసి ఇస్తుంది కదా’ అని జూనియర్లు అంటారు. నేనూ ఇచ్చి చూశాను, పైన చూపించిన మొదటి పేరానే. ‘మరియు’ తీసేసింది, ‘జరిగింది’ తీసేసింది, వాక్యాలు నున్నగా చేసింది. ‘కానీ’ని ‘అయినప్పటికీ’ చేసింది. ఆ ‘కానీ’ దగ్గర ఉన్న ఖాళీ ఇంకా లోతుకి పోయింది, ఎందుకంటే ఇప్పుడు పేరా అందంగా ఉంది, ఎవరికీ అనుమానం రాదు. దాన్నే ‘ఇందులో నన్ను ఏం ప్రశ్నలు అడగొచ్చో చెప్పు’ అని అడిగితే పనికొచ్చే ప్రశ్నలు వస్తాయి, అదీ చూశాను. అడిగించుకోవడం వేరు, రాయించుకోవడం వేరు. రాయించుకుంటే చెరువుల సంగతి ఆ యంత్రానికీ తెలియదు, నాకూ తెలియదు, మార్కులు మాత్రం వస్తాయి.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. పరీక్ష హాల్లో తిరగరాసే టైమెక్కడిది? సివిల్స్ మెయిన్స్ ఎస్సే పేపరే తీసుకోండి, 250 మార్కులు, మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కొక్కటి వెయ్యి పదాల పైమాటే. రాసింది ఒకసారి చూసుకుంటేనే గొప్ప. అశోక్‌నగర్‌లో రూము తీసుకుని చదివేవాళ్ళకు తిరగరాయమని చెప్పడం వెటకారంలా వినిపిస్తుంది. కానీ వాళ్ళు ఇంటి దగ్గర ఏం చేస్తున్నారో చూడండి. కొత్త టాపిక్ మీద కొత్త వ్యాసం, మర్నాడు ఇంకో టాపిక్, ఇంకో వ్యాసం. ప్రతిదాంట్లోనూ అవే తప్పులు. వారానికి అయిదు కొత్త వ్యాసాలు రాసేవాళ్ళు రెండే రాసి, ఆ రెండింటినీ విప్పి మళ్ళీ కట్టుకుంటే, హాల్లో ‘కానీ’ రాసేటప్పుడే చెయ్యి ఆగుతుంది. హాల్లో తిరగరాయరు, తిరగరాయాల్సిన వాక్యం రాయడం తగ్గుతుంది. అందరికీ ఇలాగే పనిచేస్తుందని నేను హామీ ఇవ్వలేను. నా స్నేహితుల్లో ఒకరిద్దరికి పనిచేసింది, ఒకామెకు మాత్రం టెన్షన్ పెరిగి హాల్లో అసలు పెన్నే కదల్లేదట. దిద్దే మనిషిని హాలు బయట వదిలి వెళ్ళడం కూడా నేర్చుకోవాలి కాబోలు.

కాలేజీలు చేయగలిగింది పెద్ద కష్టమైనదేం కాదు. అరవై మంది ఉన్న సెక్షన్‌లో ఒక్కో వ్యాసాన్ని రెండుసార్లు దిద్దమంటే ఏ లెక్చరరైనా కోప్పడతారు, ఆ కోపం న్యాయమే. రెండుసార్లు దిద్దమనడం లేదు. సెమిస్టర్‌కి అయిదు అసైన్‌మెంట్లుంటే వాటిని రెండు చేయండి. మొదటి కాపీకి మార్కులు వేయొద్దు, తప్పులు దిద్దొద్దు, ఎక్కడో ఒకచోట ఒక్క ప్రశ్న రాసి వెనక్కివ్వండి. రెండో కాపీ ఇచ్చేటప్పుడు మొదటిదాన్ని కూడా దానికి పిన్ చేసి ఇమ్మనండి, ఇంటర్నల్ మార్కులు ఆ రెండింటి మధ్య తేడాకి వేయండి. చేతిరాత ఒక్కటే మారిన కాపీ మొదటి పేజీలోనే దొరికిపోతుంది, దాన్ని పూర్తిగా చదవాల్సిన పని కూడా ఉండదు.